సర్టిఫికెట్ తరువాత పంపబడును

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మా అత్తగారు లక్ష్మీనరసమ్మ గారు గడప దగ్గర కూర్చుని, "చిన్నదానికి మూడో ఏడు నడుస్తోంది. ఇంకా ఎన్నాళ్లు ఆగుతార్రా?" అంది. అడిగింది మా ఆయన్ని. సాంబశివరావు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి నావైపు చూశాడు. జవాబు చెప్పాల్సింది నేనేనని ముగ్గురికీ తెలుసు. నేను చేట తిప్పాను.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగలేదు. డాక్టరమ్మ, "ఇంకొకటి వద్దు. ఆపరేషన్ చేసేస్తాను, మీ ఆయన్ని ఈ కాగితం మీద సంతకం పెట్టమను" అంది. మంచం మీదనుంచే అడిగాను. "మగపిల్లాడు లేకుండానా? అమ్మ నన్ను బతకనిస్తుందా?" అని ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి నేను పిల్లల మధ్య పడుకుంటున్నాను. చిన్నదానికి దగ్గని కొన్నాళ్లు, పెద్దది ఉలిక్కిపడుతోందని కొన్నాళ్లు. ఇక చెప్పడానికి జబ్బులు మిగల్లేదు.

అది డెబ్భై ఆరో సంవత్సరం. కుటుంబ నియంత్రణ కేసులు తెమ్మని టీచర్లనీ మునసబులనీ నర్సులనీ తరుముతున్న రోజులు. బందరు రోడ్డులో ఆ లెక్కలు చూసే ఆఫీసులో నేను గుమాస్తాను. ఆసుపత్రుల నుంచి ఒక లిస్టు, రెవెన్యూ వాళ్ల నుంచి ఒకటి, స్కూళ్ల నుంచి ఒకటి వస్తాయి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఆ మనిషిని తన లెక్కలో రాసుకుంటుంది. నచ్చజెప్పిన మునసబు తన లెక్కలో, వెంటబెట్టుకు వచ్చిన టీచరు తన లెక్కలో రాసుకుంటారు. మూడూ అలాగే కూడితే కంకిపాడులో ఒక్క ఆడది మూడుసార్లు ఆపరేషన్ చేయించుకున్నట్టు తేలుతుంది. అలా తేలకుండా మూడు లిస్టుల్నీ ఒక్క స్టేట్‌మెంటుగా చెయ్యడం నా పని. పేరుకొక చీటీ రాస్తాను. ఊళ్లవారీగా బల్ల మీద పరిచి, ఒకే మనిషివని తేలిన చీటీలకు గుండుసూది గుచ్చుతాను. ఆడవాళ్ల పేర్లతో వెతికితే జత దొరకదు. ఒక లిస్టులో సుబ్బమ్మ, ఇంకో లిస్టులో సుబ్బాయమ్మ, మూడోదానిలో ఉత్తి 'భార్య'. మొగుడి పేరు మాత్రం మూడింటిలోనూ ఒక్కలాగే ఉంటుంది. అందుకని ముందు భర్త పేరు రాస్తాను.

ఆ సోమవారం మా ఆఫీసరు జక్కయ్య గారు బల్ల దగ్గరికి వచ్చి, "రమాసుందరి గారూ, గురువారం టపాలో స్టేట్‌మెంటు హైదరాబాదు వెళ్లిపోవాలండీ. ఆసుపత్రి లిస్టుతో జతపడని కేసులుంటే ఎర్ర సిరాతో వేసెయ్యండి, విచారణకు పంపుదాం" అన్నారు. అప్పుడు నేను స్కూళ్ల లిస్టు చూసి చీటీలు రాస్తున్నాను. భర్త పేరు సాంబశివరావు. వృత్తి టీచరు. ఊరు గుణదల. ఇంటి నంబరు మాది. నా కలం ఆగింది.

భార్య పేరు గడిలో నా పేరుంది. వయసు ఇరవై తొమ్మిది. పిల్లలు ఇద్దరు. కేసు తెచ్చినవారు సాంబశివరావు. ఆపరేషన్ తేదీ గడి ఖాళీగా ఉంది. పక్కన 'సర్టిఫికెట్ తరువాత పంపబడును' అని రాశారు. లిస్టుకు జతచేసిన కట్టలోంచి అంగీకార పత్రం తీశాను. భర్త సంతకం ఆయనదే. నేను ఆసుపత్రి మంచం మీదనుంచి అడిగితే పెట్టని సంతకం అది. భార్య సంతకం చోట వేలిముద్ర ఉంది. నేను లెక్కలు తీసుకుని బి.ఏ. పాసయ్యాను.

"ఏమైందండీ?" అన్నారు జక్కయ్య గారు.

"గుణదలది ఒకటి జతపడటం లేదండీ."

"ఎర్ర సిరాలో వేసెయ్యండి."

"గురువారం లోపల చూస్తానండీ."

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయన్ని అడిగాను. "నా పేరు లిస్టులో ఎందుకిచ్చారండీ?"

ఆయన ముద్ద ఆపి వసారా వైపు చూశాడు. "మెల్లగా. అమ్మ వింటుంది." తరవాత నవ్వాడు. "పేరేగా ఇచ్చింది. నిన్నేమన్నా కోశారా? కేసు ఇస్తేగాని జీతం బిల్లు కదలదంటున్నారు మా స్కూలు వాళ్లు. ఊరిమీద పడి ఆడవాళ్లని బతిమాలుకోమంటావా?"

"వేలిముద్ర ఎవరిది?"

"నాదే. నిన్నడిగితే రాగం తీస్తావు."

"అడిగితే సంతకం పెట్టేదాన్ని."

"ఆ, పెడతావు." ఆయన కంచంలోకి చూశాడు.

"జతపడకపోతే విచారణకు పోతుంది. మీ ఉద్యోగానికే వస్తుంది."

"నీ చేతిలో పనేగా. ఏ ఉయ్యూరు సాంబశివరావు చీటీకో గుచ్చెయ్. ఎవడు చూడొచ్చాడు? మజ్జిగ పొయ్యి."

వసారాలోంచి అత్తగారు, "ఏమిట్రా గుసగుసలు?" అంది.

"ఏం లేదమ్మా. వచ్చే ఏటికి నీకు మనవణ్ణిస్తానంటోంది నీ కోడలు."

"మా తల్లే" అంది ఆవిడ. ఆయన నాకేసి చూసి కన్ను గీటాడు. నేను మజ్జిగ పోశాను.

మర్నాడు ఆఫీసులో ఉయ్యూరు చీటీలు తీశాను. అక్కడ నిజంగానే ఒక సాంబశివరావు ఉన్నాడు. ఆయన భార్య నెల కిందట ఆపరేషన్ చేయించుకుంది. నా చీటీ ఆవిడ చీటీకి గుచ్చితే మొత్తం సరిపోతుంది, మా ఆయన జీతం వస్తుంది, నేను ఈ ఏడే నీళ్లోసుకోవాల్సి ఉంటుంది. ఎర్ర సిరాలో వేస్తే ఆయన ఉద్యోగం పోతుంది, ఇల్లు నా ఒక్కదాని జీతం మీద నడవాలి, అది పోగొట్టింది కోడలేనని గుణదలంతా అంటుంది. గుండుసూది చేతిలో పట్టుకుని రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివాను. నా చీటీలో పేరు సరిగానే ఉంది. వయసు, పిల్లలు, భర్త అంగీకారం, అన్నీ సరిగానే ఉన్నాయి. లేనిది తేదీ ఒక్కటే.

ఉయ్యూరు చీటీని దాని చోట పెట్టేశాను. అంగీకార పత్రం నేను తీసుకున్నట్టు కాగితం రాసి కట్టలో ఉంచాను. వారం సెలవు చీటీ మీద జక్కయ్య గారు సంతకం చేస్తూ, "మరి ఆ గుణదల కేసండీ?" అన్నారు. జతపడుతుందని చెప్పాను.

బుధవారం పొద్దున రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నర్సు శౌరమ్మ గారు పత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. "చదువుకున్నదానిలా ఉన్నావు, ఈ వేలిముద్రేంటమ్మా?"

"అది నాది కాదండీ. నాకు సంతకం వచ్చు."

"మీ ఆయన రాలేదే?"

"బడి ఉందండీ."

"రేపొచ్చి నా మీద పడడు కదా? అట్టాంటోళ్లని చాలామందిని చూశాను."

"ఈ సంతకం ఆయనదే. కేసు తెచ్చింది కూడా ఆయనే. లిస్టులో ఉందండీ."

ఆవిడ కలం ఇచ్చింది. వేలిముద్ర కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఆవిడ రిజిస్టరులో తేదీ వేసి నంబరు చెప్పింది. లోపలికి పిలిచే ముందు రెండు చీటీలు రాసి ఆయా చేతికిచ్చాను. ఒకటి జక్కయ్య గారికి: 'గుణదల కేసు జతపడింది, ఆసుపత్రి నంబరు ఇది, మొత్తంలో కలపండి.' రెండోది మా ఆయనకి: 'సర్టిఫికెట్ శనివారం ఇస్తారట, వచ్చి తీసుకోండి. అత్తయ్యకు మీరే చెప్పండి.'