ఆరో బస్సు దాకా

గల్ఫ్‌లో, ఫుజైరాలోని ఒక స్కూల్లో చరిత్ర చెప్పే ఎజ్రాకు పాఠం కన్నా తన గొంతంటే ఎక్కువ ఇష్టం. కిందటిసారి తనిఖీకి వచ్చిన మేడమ్ "మీ క్లాసులో పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు" అని రాసిపోయింది. రేపు మళ్ళీ వస్తుంది. ఈసారీ అదే రాస్తే కాంట్రాక్టు పొడిగించరు. అందుకే సినిమాతో పాఠం చెబుతానని ప్రిన్సిపాల్‌ను ఒప్పించి, ఆదివారం మధ్యాహ్నం భార్య సోనీనీ, ఆమెతో పనిచేసే నర్సు యూనిస్‌నూ సోఫాలో కూర్చోబెట్టి రిహార్సల్ మొదలుపెట్టాడు.

వందేళ్ళ కిందట ఫోటోలు చూసి పెళ్ళి కుదుర్చుకుని, జపాన్ నుంచి హవాయికి ఓడెక్కిన ఆడవాళ్ళ డాక్యుమెంటరీ అది. రెండు నిమిషాలకోసారి ఆపి వివరిస్తున్నాడు.

"కాస్త బొమ్మ కదలనివ్వండి అన్నయ్యగారూ. మాకు సాయంత్రం డ్యూటీ ఉంది," అంది యూనిస్ చేగోడీ కొరుకుతూ.

ఓడ రేవుకు చేరింది. ఆడవాళ్ళు చేతిలోని ఫోటోనూ, ఒడ్డున నిలబడ్డ మగవాళ్ళనూ మార్చి మార్చి చూస్తున్నారు. ఎజ్రా మళ్ళీ ఆపాడు.

"ఇది ముఖ్యం. వాళ్ళలో చాలామంది ఎప్పుడో వయసులో ఉన్నప్పటి ఫోటోలు పంపారు. పాపం, ఈ అమాయకులు గుర్తుపట్టలేక మోసపోయారు."

యూనిస్ సోనీ వైపు చూసింది. సోనీ మొగుడి నెత్తి వైపు చూసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఎజ్రా బట్టతల తడుముకున్నాడు. కోవిడ్ రోజుల్లో పాస్టరుగారి ద్వారా ఈ సంబంధం వచ్చినప్పుడు అతను పంపింది కాలేజీ నాటి ఫోటో. తొలిసారి కలుసుకున్నది దుబాయ్‌లో, కరామా బస్‌స్టాపులో.

"మాస్కు వల్ల నువ్వు పోల్చుకోలేకపోయావు. అరగంట కూర్చోబెట్టావు," అన్నాడు ఉక్రోషంగా.

"చూడగానే పోల్చుకున్నానండీ. ఆ చెవులు ఎక్కడికి పోతాయి? ఎదురుగా మందులషాపులో నిలబడి చూస్తున్నా. వెళ్ళిపోదామనే అనుకున్నా. జుట్టు దగ్గరే అబద్ధమాడినాయన ఇంకెన్ని ఆడతాడో అని."

ఇన్నేళ్ళూ ఎజ్రా నేరం మాస్కు మీదకు నెట్టి నిశ్చింతగా బతికాడు.

"మరెందుకొచ్చావు?"

"బస్సు వచ్చినప్పుడల్లా లేచి చొక్కా సర్దుకుంటున్నారు. నేను దిగకపోయేసరికి మళ్ళీ కూర్చుంటున్నారు. ఆరో బస్సుకీ అలాగే లేచి సర్దుకున్నారు. అప్పుడు రోడ్డు దాటాను."

ఎజ్రా రిమోట్ పక్కన పెట్టి, తనూ ఒక చేగోడీ తీసుకున్నాడు.

మర్నాడు మేడమ్ పెన్ను తీసి వెనక బెంచీలో కూర్చుంది. ఓడ రేవుకు చేరేదాకా ఎజ్రా నోరు మెదపలేదు. అది అతనికి చిన్న కష్టం కాదు. ఫోటో పట్టుకున్న ఆమె ముఖం దగ్గర ఆపి, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈమె తన మనిషిని పోల్చుకుందనుకోండి. అయినా ఇంకా ఓడ దిగలేదు. అతనిలో ఏం చూస్తోంది?"

పదకొండు చేతులు లేచాయి. పన్నెండోది వెనక బెంచీలోని మేడమ్‌ది.