రెట్టింపు చెయ్యని దూరం

హిగాషి ఒసాకాలో పన్నెండు మంది పనిచేసే ఆ చిన్న కార్ఖానాలో షియోరిది కొలతల గది. ఆమె ఎర్ర ముద్ర పడందే ఒక్క పలకా గుమ్మం దాటదు. ఆ ముద్ర చేత్తో పట్టుకుని ఆమె ఒకే లెక్క మూడోసారి చేసింది. మూడోసారీ అదే వచ్చింది.

పలకలో బెజ్జం ఉండాల్సిన చోటి నుంచి మిల్లీమీటరులో ఐదు నూరోవంతులు జరిగింది. డ్రాయింగు ఒప్పుకునేది ఎనిమిది. పోయిన నెల మొదటి పలక కొలిచి, ఐదే కదా అని "కానివ్వండి" అనేసింది. కానీ ఆ ఎనిమిది, బెజ్జం నడిబొడ్డు ఏ వృత్తం దాటకూడదో ఆ వృత్తం మొత్తం వెడల్పు. జరిగిన దూరాన్ని రెట్టింపు చేసి దానితో పోల్చాలి. కొలతల పనిలో చేరిన మొదటి రోజే నేర్పే ముక్క అది. ఐదు రెళ్ళు పది. ఆమె మాట నమ్మి, బెజ్జాలు కోసే కురోయివా మిషనులో పలక బిగించిన తీరు మార్చకుండా అదే బిగింపు మీద అరవై పలకలూ చేసేశాడు. వాటికి పూత కూడా పడి వచ్చింది.

ఒక్క దారి మిగిలింది. బెజ్జం కనీస కొలత కన్నా ఎంత పెద్దదైతే, చోటు తప్పడానికి డ్రాయింగు అంత వెసులుబాటు ఇస్తుంది. రెండంటే రెండు నూరోవంతులు చాలు, గట్టెక్కినట్టే. అరవైలోనూ గేజీ దూర్చి చూసింది. అన్నీ కనీస కొలత మీదే ఉన్నాయి. ఇప్పుడు పెద్దవి చేస్తే పూత పోతుంది. షియోరికి ఏడుపొచ్చింది.

అప్పుడే కురోయివా పూలగుత్తితో లోపలికొచ్చాడు. నలభై రెండేళ్ళ కొలువులో ఆయనకిది ఆఖరి రోజు.

"ఏంటమ్మాయ్, ముద్ర పట్టుకుని జపం చేస్తున్నావా? కింద బీరు చల్లారిపోతోంది. నా పలకలు దాటించెయ్, పోదాం."

"బీరు చల్లారితే మంచిదేగా పెద్దాయనా," అంది షియోరి.

"బెజ్జాలు చూశావా? అరవైకి అరవై గీత మీదే. లూజుగా కోసేవాడు పనివాడే కాదు."

"ఈ ఒక్కసారికీ కాస్త లూజుగా కోయాల్సింది మీరు."

ఆయన పడీపడీ నవ్వాడు. "ఇంకెవరి దగ్గరా అనకు, నా పరువు పోతుంది."

నవ్వుతూనే ఆమె ముఖం చూశాడు. ఆమె లెక్క వేసిన కాగితం తన వైపు తిప్పుకున్నాడు. పది అన్న అంకె దగ్గర ఆయన వేలు ఆగింది. ఆయనకు వివరించి చెప్పక్కర్లేదు.

"తప్పు నాది," అంది షియోరి.

"బిగింపు నాది కదమ్మా."

పూలగుత్తి బల్ల మీద పెట్టి, పొద్దున మడిచి సంచీలో పెట్టుకున్న పని చొక్కా తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. చెయ్యడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.