బంతికీ బంతికీ మధ్య

"ఈ ఏడాదితో సరి, బెర్నిస్. వచ్చే ఏడాది నా సీటు మీ చెల్లెలికిచ్చెయ్" అన్నాడు నా మొగుడు ఎర్విన్, స్టేడియం మెట్లెక్కుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు. మా హెరాన్స్ జట్టుని కొన్న కొత్త యజమాని మీద, ఆయన మా నెత్తిన వేలాడదీయించిన ఆ స్పీకర్ల మీద.

షుగరు వల్ల ఎర్విన్‌కి చూపు పోయి చాలాకాలమైంది. అయినా బేస్‌బాల్ మానలేదు. బ్యాటుకి తగిలిన చప్పుడు విని బంతి నేలబారుగా పోయిందో గాల్లోకి లేచిందో చెప్పేవాడు. వెనక కాచుకునే క్యాచర్ చేతి తొడుగులో బంతి పడిన చప్పుడు విని, దాన్ని విసిరే పిచ్చర్ ఎంత గట్టిగా విసిరాడో చెప్పేవాడు. నేను నోరు తెరిచేలోపే "ఔట్!" అని ఎగిరేవాడు. నాకు కళ్ళుండీ అతని తర్వాతే తెలిసేది.

ఈ ఏడాది స్పీకర్లు వచ్చాయి. బంతికీ బంతికీ మధ్య ఢబఢబమని పాటలు, "చప్పట్లు కొట్టండి, ఇంకా గట్టిగా!" అంటూ కేకలు. పిచ్చర్ చేతిలోంచి బంతి వదిలే క్షణం దాకా అదే మోత. చెవులు గుయ్యిమంటుంటే ఇక బ్యాటు చప్పుడేం వినపడుతుంది? మొదట్లో ఎర్విన్ ప్రతి బంతికీ నా చెయ్యి పట్టుకు లాగి "ఏమైంది? ఏమైంది?" అనేవాడు. రాను రాను అడగడం తగ్గించేశాడు. అతను అడక్కపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఆ ఆదివారం ఆటకి ముందు క్లబ్బు వాళ్ళు అభిమానుల్ని స్టాండు కింది హాల్లోకి పిలిచారు. ఆట బాగుపడాలంటే ఏం చెయ్యాలో చెప్పమన్నారు. వేదిక మీద కోల్బీ అని ఒక కుర్రాడు, నున్నగా దువ్విన జుట్టుతో. ప్రేక్షకుల అనుభూతికి అధికారి అట. అనుభూతికి కూడా అధికారిని పెట్టారు, మా ఖర్మ!

మా వెనక సీట్లో కూర్చునే ఆగీ, ఒకప్పుడు సిటీ బస్సు నడిపినవాడు, లేచి అంపైర్లని తీసేసి మెషిన్లు పెట్టమన్నాడు. ఒకావిడ జులై వచ్చేసరికి ఆటగాళ్ళని సంతలో పశువుల్లా అమ్మెయ్యడం ఆపమంది. పిల్లలు నిద్రపోయేలోపు ఆట ముగించమన్నాడు ఇంకొకాయన. కోల్బీ అన్నిటికీ ఒకేలా తలూపాడు. నేను లేచాను.

"బాబూ, నేను చెప్పేది ఒక్కటే. బంతికీ బంతికీ మధ్య ఆ మోత ఆపండి."

"కాస్త సందడి లేకపోతే కుర్రకారు రారు మేడమ్."

"ఆటే సందడి నాయనా! పెళ్ళికూతురు కనపడకుండా బ్యాండు వాళ్ళని అడ్డం నిలబెడతారా ఎవరైనా?"

హాలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మా ఆయనకి కళ్ళు లేవు. ఆటని చెవులతోనే చూస్తాడు. మీరు ఆ చెవులు కూడా పొడిచేశారు" అన్నాను.

కోల్బీ ముఖం వెలిగిపోయింది. "అయ్యో, ముందే చెప్పాల్సింది! కింద అద్దాల గది ఉంది. మెత్తటి సోఫాలు, ఏసీ. బయటి చప్పుడు పిసరంత కూడా రాదు. గోడంత టీవీ కూడా ఉంది."

"గుడ్డివాడికి టీవీ చూపిస్తావుట్రా?"

ఎర్విన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పోదాం పదవే. ఎందుకు అందరి ముందూ?" అన్నాడు మెల్లిగా. ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆట మొదలైంది. మా తరఫున బంతి వేస్తున్నది క్వెసాడా, పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు. ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి బోర్డు చూసి నా గుండె ఝల్లుమంది. అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా పడలేదు, అంటే బంతిని సరిగ్గా కొట్టి ఒక్కడూ మొదటి బేస్ దాకా చేరలేదు. ఆఖరిదాకా అలాగే పోతే కొన్నేళ్ళపాటు చెప్పుకునే ఆట అవుతుంది. కానీ అది పూర్తయ్యేదాకా ఎవరూ ఆ మాట పైకి అనకూడదు. అంటే దిష్టి తగులుతుంది, ఆ మరు బంతికే హిట్ పడుతుంది. మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. ఆగీ పల్లీలు నమలడం కూడా మానేశాడు.

బోర్డు కనపడక, హిట్ పడలేదన్న సంగతి తెలియనిది ఒక్క ఎర్విన్‌కే.

"ఏంటే, అలా బిగుసుకుపోయావు? అవతలి వాళ్ళకి హిట్లెన్ని?" అన్నాడు.

ఏం చెప్పను? నా నోటితో నేనే ఆ కుర్రాడికి దిష్టి పెట్టనా? "సాసేజ్ తింటావా?" అన్నాను.

"హిట్లెన్ని అని అడుగుతున్నా."

"ఆవ ముద్ద ఎక్కువ పెట్టించనా, తక్కువా?"

"సర్లే. చెప్పి చెప్పి నీకూ విసుగొచ్చింది. నిన్ను అని ఏం లాభం?" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుక కొరుక్కున్నాను. ఏడుపొచ్చింది. అన్నీ చెప్పే నేను ఇదొక్కటీ చెప్పలేకపోయాను.

ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో స్పీకర్లు గర్జించాయి. "ఇప్పటిదాకా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు మన క్వెసాడా! అందరూ అరవండి!" బోర్డు మీద కూడా అదే, ఇంతింత అక్షరాల్లో.

స్టేడియం మొత్తం నిర్ఘాంతపోయింది. ఎర్విన్ నావైపు తిరిగాడు. "అందుకా?" అని నా చెయ్యి గట్టిగా నొక్కాడు. అప్పటికే ఆగీ బెంచీ ఎక్కేశాడు. "ఎవడ్రా వాడు? నీ నోట్లో మట్టి కొట్ట! నోటిదాకా వచ్చిందాన్ని నేలపాలు చేస్తావా?" అని అరుస్తున్నాడు. నేనూ ఎక్కాను. ఏడాది పొడుగునా కడుపులో దాచుకున్న తిట్లన్నీ తిట్టాను. నేను ఒక్కదాన్నే అంటే నవ్వారు, దిష్టి అనేసరికి స్టేడియం స్టేడియమంతా లేచింది. "ఆపు! ఆపు! ఆపు!" అని ఒకటే కేక. కోల్బీగాడు ఎక్కడ నక్కాడో గానీ బెదిరిపోయినట్టున్నాడు. స్పీకర్లు టక్కున ఆగిపోయాయి.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. అంతమంది ఉండి చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఎర్విన్ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకు వంగాడు. ఒకడు ఔట్. రెండోవాడు ఔట్. ఇంకొక్కడు ఔటైతే ఆట ముగిసినట్టే.

క్వెసాడా విసిరాడు. బ్యాటు టప్పుమంది. బంతి ఎటు పోయిందో నేనింకా వెతుక్కుంటున్నాను.

"పోయింది. ఎడమవైపు. గోడ దాటేస్తుంది" అన్నాడు ఎర్విన్.

దాటేసింది. దిష్టి తగలనే తగిలింది. ఆగీ తల పట్టుకుని కూలబడ్డాడు. మేమింకా రెండు పరుగులు పైనే ఉన్నాం, కానీ ఎవరికి కావాలి ఆ పరుగులు? కోల్బీని, వాడి యజమానిని, వాళ్ళ ఏడు తరాలనీ తిట్టుకుంటూ పక్కకి తిరిగాను.

ఎర్విన్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. "నువ్వు చెప్పలేదు కదే? నువ్వు చెప్పకముందే చూశాను కదా?"

"చూశావు. నాకంటే ముందే చూశావు" అన్నాను.

అంతలో స్పీకర్లు మళ్ళీ ఢబఢబ మొదలెట్టాయి. ఎర్విన్ దిగ్గున లేచి, ఆ మోత వచ్చేవైపు ముఖం తిప్పి, మెడనరాలు ఉబ్బేలా అరిచాడు.

"ఆపండ్రా వెధవల్లారా! ఇంకా ఒకడున్నాడు, నేను చూడాలి!"