చిక్కటి మందు

సీసా వంచితే మందు వెంటనే జారదు.

గాజును పట్టుకుని, ఆగి, ఆలోచించుకుని... మెల్లగా దిగుతుంది, ఆముదంలా.

చెల్లెలు కన్నార్పకుండా చూస్తుంది. రంగు లేదు, వాసన లేదు. బద్ధకం మాత్రం బోలెడు.

ఈ మందు అక్కలాంటి వాళ్ల కోసం. కీళ్లవాతంతో వేళ్లు కొయ్యబారిపోయిన వాళ్ల కోసం. ఇప్పుడైతే ఆసుపత్రి మంచం మీద పడుకుని, పూటంతా గొట్టంలోంచి చుక్క చుక్కగా ఎక్కించుకోవాలి. నరం దొరక్క ఇక్కడ పొడుస్తారు, అక్కడ పొడుస్తారు. అదే మందును నీరు తీసి కుదించి స్ప్రింగు సిరంజిలో నింపగలిగితే — ఇంట్లోనే తొడకు అదిమితే చాలు, దానంతటదే దిగుతుంది.

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నా మందు నేనే వేసుకోవాలే," అంటుంది అక్క. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ల్యాబులో చెల్లెలి పని ఆ కుదించడమే.

కానీ ఆ మందులోని ప్రొటీన్ కుదించనిస్తేగా!

పలచగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలు. కాస్త నీరు తీస్తే పారుతుంది. ఇంకాస్త తీసినా పారుతుంది. మరికాస్త... అంతే, మొండికేస్తుంది. అణువులన్నీ ఇరుకు సందులో జనంలా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిపోతాయి. ఉప్పు వేస్తే ఒక ప్రొటీన్ విడిపోయింది. అదే ఉప్పుకు ఇంకోటి మరింత బిగిసింది. ఎందుకు? ఆమెకు తెలియదు. తెలిసిందనుకున్న మర్నాడే మళ్లీ తెలియకుండా పోతుంది.

ఆ మధ్యాహ్నం కొత్త మందును ఫ్రిజ్‌లోంచి తీసింది. అప్పుడే అక్క ఫోను, ఆసుపత్రి నుంచి. నరం మళ్లీ దొరకలేదట. చెల్లెలికి ఏడుపొచ్చింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని నవ్వింది అక్క.

చెల్లెలు ఫోను పెట్టేసి సిరంజి నింపింది. స్ప్రింగు వదిలింది.

పారింది!

సన్నటి సూదిలోంచి, ఎక్కడా ఆగకుండా పారింది. ఆనందం పట్టలేక వెంటనే అక్కకు ఫోను చేసి చెప్పేసింది. "వచ్చేసిందక్కా! ఇంక నీ మందు నువ్వే వేసుకోవచ్చు!"

తరువాత రెండో సీసా తీసింది. అదే మందు, అదే సూది, అదే స్ప్రింగు.

కదల్లేదు.

మూడోదీ కదల్లేదు. ఒకదాన్ని కాసేపు బల్ల మీద పెట్టి చూసింది. దిగింది, కానీ సగంలో ఆగింది.

ఏది నిజం? పారిన మందా, పారని మందా? ఒక్కటే మందు రెండు మాటలు ఎలా మాట్లాడుతుంది?

కుర్చీలో కూలబడి అరచేయి చూసుకుంది.

ఇందాక అక్కతో మాట్లాడేప్పుడు ఒక చేతిలో ఫోను. మరి రెండో చేతిలో... ఆ మొదటి సీసా! అక్క మాట్లాడినంతసేపూ దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఒంటి వేడికి మందు పలచబడిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే పరీక్షించాలన్నది ఆ ల్యాబులో మొదటి పాఠం. కొత్తగా చేరిన వాళ్లకు చెప్పేది కూడా ఆమే.

సిగ్గేసింది. అంతకంటే భయమేసింది. ఇచ్చేసిన మాటను ఎలా వెనక్కి తీసుకోవాలి?

మళ్లీ ఫోను చేసింది. జరిగిందంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా!" అంది అక్క. "నేనూ గుప్పిట్లో పట్టుకుని వేసుకుంటాలే..."

అని, ఆగిపోయింది.

అక్క వేళ్లు అరచేతిని తాకి ఎన్నాళ్లయిందో. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

నేనొచ్చి పట్టుకుంటానక్కా — అనబోయింది చెల్లెలు.

అక్క వద్దనుకున్నది సరిగ్గా అదే కదా.

అవతల అక్క ఊపిరి వినిపిస్తోంది. ఇవతల ఆ మాట గొంతులోనే... ఆగి, కొంచెం కదిలి, మళ్లీ ఆగి...