తలుపు వేసుకున్న తోటికోడలు

"నాకు కుదరదు అత్తయ్యా," అంది తోటికోడలు. అని, తన బట్టలు నాలుగూ మడతపెట్టుకుని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇంటిల్లిపాది బట్టల గుట్ట ముందు కూర్చున్న పెద్దకోడలు, మరిది బనియన్ తిరగేస్తూ, ఇప్పుడు ఇల్లు కూలుతుందని ఎదురుచూసింది. కూలలేదు. నిజం చెప్పాలంటే, కూలితే బాగుండుననే ఆమె ఆశ. ఆడపడుచు ఇద్దరు పిల్లలతో పదిరోజులు ఉండటానికి వస్తోంది. సెలవు పెడతావా అని అత్తగారు చిన్నకోడల్ని అడిగింది. కుదరదనేసరికి కాసేపు మూతి ముడుచుకుని, "దాని సంగతి తెలిసిందేగా. నువ్వు పెట్టెయ్యమ్మా," అంది ఇటు తిరిగి.

దాన్ని అడిగారు. తనని అడగను కూడా లేదు.

ఒళ్లు మండిపోయింది. అత్తగారి మీద కాదు, మూసిన ఆ తలుపు మీద. పన్నెండేళ్లలో స్నానానికి తప్ప తను పట్టపగలు తలుపు వేసుకున్నదెప్పుడు? నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! జ్వరమొస్తే పడుకుంటుంది. కాఫీ చల్లారితే మళ్లీ పెట్టుకుంటుంది. "మా పెద్దకోడలు నోట్లో నాలుక లేని పిల్ల" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే మురిసిపోయింది తను, పిచ్చిమొహం.

తను పనిచేసే ఆస్పత్రి ల్యాబులోనూ అదే పేరు. సూపర్‌వైజర్ పోస్టుకి వేరే ఊళ్లో పదిరోజుల శిక్షణ అని రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ 'రాలేను' అని రాసిచ్చేసింది. ఇంట్లో వద్దన్నారా అంటే, అసలు ఎవరికైనా చెబితేగా! వద్దనే శ్రమ కూడా వాళ్లకి తప్పించింది. ఇది మూడోసారి, ఆఖరిసారి. సరిగ్గా ఆ పదిరోజులే. ఆడపడుచు ఫోను రాగానే 'రాలేను' అని కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది.

"పెద్దదానివి, దానికి నాలుగు మంచిమాటలు చెప్పి దారిలో పెట్టు," అంది అత్తగారు.

వెళ్లింది. మంచిమాటలకి కాదు, కడుపులో మంట చల్లార్చుకోవడానికి. తోటికోడలు మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఏం, నువ్వొక్కదానివే పైనుంచి ఊడిపడ్డావా?"

"తిట్టక్కా. కాదన్న ప్రతిసారీ నాకు భయమేస్తుంది. నీకేం, అందరికీ నువ్వంటే ఎంతిష్టమో! నిన్ను చూస్తే నాకు కుళ్లు."

తనని చూసి కుళ్లట! పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అంత భయమైతే ఎందుకంటావే?"

"ఒకసారి సరేనంటే ఇంక అడగరక్కా. నిన్నెవరైనా అడుగుతున్నారా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆ పిల్ల మీద అసూయ ఇంకా అలాగే ఉంది, పైగా పెరిగింది. దాంతోనే హాల్లోకి వచ్చింది.

"చెప్పావా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. మీకే ఒకటి చెప్పాలి. ఆ పదిరోజులూ నేను ఊళ్లో ఉండను. శిక్షణకి వెళ్తున్నాను."

అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నువ్వు మంచిదానివనుకున్నానే!"

"పన్నెండేళ్లు ఉన్నానుగా అత్తయ్యా."