లొంగని కణాలు

బంతిలా ఉబ్బే ఒక సముద్రపు చేపలో దొరికే విషం అది. నరాల కణాల్లోకి సోడియం చొరబడే ద్వారాలకు బిరడా బిగించినట్టు అడ్డుపడుతుంది. దాంతో కణంలో కరెంటు ఆగి, కంప్యూటర్ తెర మీద లోతుగా దిగే గీత చదునైపోతుంది. ల్యాబులో చేరి రెండు నెలలైన ఆ అమ్మాయి ఇన్నాళ్లూ చూసింది అదే.

ఆ సోమవారం గీత చదును కాలేదు. కాస్త తగ్గి అక్కడే మొండికేసింది. విషం రెట్టింపు చేసినా అంతే.

సీసాలో ఉన్నవి ఉత్త నీళ్లేమో అనుకుంది. అనుకున్నాక ఆ మాట బుర్రలోంచి పోలేదు.

విషం పెట్టె తాళాలు స్టోరు చూసే పెద్దాయన దగ్గరుంటాయి. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. వెళ్లి చూస్తే పెట్టెకు ఎర్ర టేపు బదులు తెల్ల టేపు ఉంది.

"పాతది ఊడిపోయిందమ్మా, వేరేది వేశాను," అన్నాడాయన తలెత్తకుండా.

ఆమె అనుమానం బలపడింది. కిందటి వారమే ఆయన అడిగాడు, "ఇది ఎంత లోపలికెళ్తే మనిషి పోతాడమ్మా?" అని. పైగా తమ్ముడితో ఆయనకు మాటల్లేవని టీ గదిలో విన్నది. అసలు విషం ఎవరింటికి చేరిందో! ఆయన ఆమె నీళ్ల సీసా పక్కకు జరిపినా అనుమానమే. చివరికి ప్రొఫెసరమ్మ దగ్గర అంతా కక్కేసింది. పది నిమిషాల్లో తాళాలు ఆయన చేతిలోంచి పోయాయి.

ప్రొఫెసరమ్మ అదే సీసాలోని విషాన్ని ఇదివరకు వాడిన మెదడు కణాల మీద వేయించింది. గీత చప్పున చదునైపోయింది.

"ఈ వారం నువ్వు చూస్తున్నవి ఏ కణాలు?"

"నొప్పి నరాలవి మేడమ్. మీరే మార్చమన్నారుగా."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "వాటిలో ఈ విషానికి లొంగని ద్వారాలు కూడా ఉంటాయే! నీకు చెప్పడం మర్చిపోయాను."

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. తాళాలు తీసుకుని స్టోరుకు పరుగెత్తింది.

"తప్పయిపోయింది బాబాయ్. మీరు ఆ రోజు అలా అడిగేసరికి..."

"పెట్టె తుడుస్తుంటే తడి తగిలింది. అప్పటికే వేలు తెగి ఉంది, భయమేసి అడిగాను," అన్నాడు. "నన్నే ఓ మాట అడగాల్సిందమ్మా."

ఆమె గుత్తి ఆయన ముందుకు చాపింది. ఆయన తాళాలు ముట్టుకోలేదు.

"ఇకనుంచి పెట్టె తీసినప్పుడల్లా నువ్వూ నిలబడు. సంతకం ఇద్దరం చేద్దాం. అలాగైతేనే తీసుకుంటాను."

మర్నాడు పదింటికి ఇద్దరూ పెట్టె ముందు నిలబడ్డారు. ఆయన సీసాలు లెక్కపెట్టాడు, ఆమె రాసుకుంది. ఎలా మాట కలపాలో తెలియక, "వేలు మానిందా బాబాయ్?" అంది.

"మానింది," అన్నాడాయన, టేపు అంటిస్తూ.