ఏనుగు పొట్టలో చీకటి

వికన్ ఉద్యోగం గుద్దుకున్న కార్లకు నష్టం లెక్క కట్టడం. బీమా కంపెనీ తరఫున వెళ్ళి, సొట్టపోయిన తలుపు చుట్టూ తిరిగి, కింద పడుకుని టార్చి వేసి చూసి, తప్పు ఎవరిదో ఇట్టే చెప్పేస్తాడు. ఇండోనేషియాలోని మలాంగ్ ఊళ్ళో ఆ పనిలో అతనికి మంచి పేరే ఉంది. అంతటి నిపుణుడు నిరుడు బడి సెలవుల్లో ఐదేళ్ళ కూతుర్ని తీసుకెళ్ళి దయ్యాల గుహ రైలు ఎక్కించాడు. బోర్డు మీద గబ్బిలం నవ్వుతూ కనబడింది. నవ్వుతోంది కదా, పిల్లలదేలే అనుకున్నాడు.

ఆ తర్వాత కూతురు సెకర్ స్నానాల గదికి కూడా ఒంటరిగా వెళ్ళడం మానేసింది. కరెంటు పోతే తల్లి మెడను కరుచుకుపోయేది. వికన్ ఇంట్లో ఆ ఊసు ఎత్తేవాడు కాదు. ఎత్తితే భార్య లారస్ అందుకుంటుందని భయం.

ఈ ఏడు సెలవులు దగ్గర పడగానే ఆవిడే ఎత్తింది.

"ఈసారి పార్కు నేను చూస్తాను. మీరు కారు నడపండి, చాలు."

"ఒక్కసారి పొరపాటైతే జన్మంతా డ్రైవరేనా?"

"డ్రైవింగు మీకు బాగానే వచ్చు కదండీ. వచ్చిన పని చేసుకోండి."

వికన్ బతిమాలాడు. లారస్ అన్నం కలపడం ఆపింది.

"సరే. కానీ పిల్ల ఈసారి ఏడుస్తూ బయటికొచ్చిందో, వచ్చే ఏడు నుంచి సెలవులన్నీ మా అమ్మ దగ్గరే. సోయా టెంపే బజ్జీలు తింటూ కూర్చుందాం."

ఊరి పైన కొండల్లో పార్కులకు కొదవ లేదు. వికన్ ఆఫీసులో అందరినీ అడిగాడు. అందరికంటే ఎక్కువ సలహాలిచ్చినవాడికి ఇంకా పెళ్ళే కాలేదు. చివరికి రెండు మిగిలాయి. ఒకదాంట్లో ఆకాశమంత ఎత్తు రోలర్ కోస్టర్ ఉంది. వికన్ దాని వీడియో ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. దానిలో పిల్లలకు పనికొచ్చేది ఏముందని ఒకరోజు తనను తానే నిలదీసుకుంటే పార్కింగు తప్ప ఏదీ తోచలేదు. ఎందుకు నచ్చిందో అప్పుడు అర్థమై కొంచెం సిగ్గుపడ్డాడు.

రెండోది చిన్నది, కుందేళ్ళ పార్కు. మూడేళ్ళ కొడుకు బిమోకి ప్రపంచంలో కావలసింది బాతు ఒక్కటే. అక్కడ బాతు బండ్లున్నాయి. అవి వరుసగా ఒక పెద్ద ఏనుగు నోట్లో దూరి, పొట్టలోంచి వెళ్ళి, తోక కింద నుంచి బయటికొస్తాయి. పొట్ట అనగానే వికన్‌కు నిరుటి గుహ గుర్తొచ్చింది. ఫోన్ చేసి లోపల చీకటిగా ఉంటుందా అని అడిగాడు.

"ఉంటుంది సార్, పొట్ట కదా" అంది అవతలి అమ్మాయి.

దాంతో అతను ఆఫీసుకు సెలవు పెట్టి, ఇంట్లో ఆఫీసుకని చెప్పి, స్కూటర్ మీద కొండెక్కాడు.

"పెద్దవాళ్ళు ఒకరు. పిల్లలెంతమంది సార్?" అంది టికెట్ల అమ్మాయి.

"లేరు."

"లేరా?"

"ఉన్నారు. ఇంట్లో."

ఆ అమ్మాయి కాపలావాడి వైపు చూసింది. కాపలావాడు సిగరెట్టు ఆర్పేసి వికన్ వెనకాలే నడవడం మొదలుపెట్టాడు. కుందేళ్ళ దగ్గర ఆగితే ఆగాడు. ఊయల గట్టిగా ఉందో లేదో ఊపి చూస్తే, అతనూ వచ్చి పక్క ఊయల ఊపాడు. తనే కాపలావాడైతే ఈపాటికి పోలీసుల్ని పిలిచేవాణ్ణని వికన్‌కు అనిపించింది.

బాతు బండి పిల్లల కొలతకు చేసింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ఇనుప కమ్మీ ఒళ్ళోకి దిగింది. ఏనుగు నోట్లోకి వెళ్ళాడు, తోక కిందకు వచ్చాడు. అంతవరకూ బాగానే జరిగింది. కమ్మీ మాత్రం పైకి లేవలేదు. అతని మోకాళ్ళు దాన్ని పట్టేశాయి. బండి నడిపే కుర్రాడు లాగాడు. కాపలావాడూ వచ్చి లాగాడు.

సరిగ్గా అక్కడే, చెట్ల కింద చాపలు పరుచుకుని, ఒకే రంగు ఆకుపచ్చ ముసుగుల్లో ఒక గుంపు ఆడవాళ్ళు అరిటాకులో ఉడికించిన అన్నం ముద్దలు, లోంతోంగ్, తింటున్నారు. ఏదో మసీదు వాళ్ళ విహారయాత్ర. అందరూ లేచి చూడటానికొచ్చారు.

"అయ్యో పాపం, తప్పిపోయి ఎక్కాడేమో" అంది ఒకావిడ.

"తప్పిపోవడానికి పసివాడా? మీసాలున్నాయి."

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినబడింది. "జరగండమ్మా. ఈయన మా అల్లుడు."

లారస్ తల్లి సుమార్ని ముందుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని అతన్ని తేరిపార చూసింది.

"మీ ఆఫీసు ఇక్కడికెప్పుడు మార్చారు నాయనా?"

ఆవిడే పళ్ళెంలోని బజ్జీ తీసి కమ్మీకి నూనె రాసింది. మోకాళ్ళు తోలు లేచి ఊడొచ్చాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

బెంచీ మీద కూర్చోబెట్టాక వికన్ అంతా చెప్పుకున్నాడు. గబ్బిలం సంగతి, పిల్ల భయం, లోపల ఎంత చీకటో చూసి వెళ్దామని వచ్చిన సంగతి. పెళ్ళైన నాటినుంచీ ఈ అల్లుడు తన కూతురికి సరిపడడని ఆవిడ అభిప్రాయం. దాన్ని ఆవిడ ఏనాడూ దాచుకోలేదు. ఇప్పుడు మాత్రం చివరిదాకా విన్నది.

"సరే, ఇంతకీ ఎంత చీకటి?"

వికన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఏమైంది?"

"కళ్ళు మూసుకున్నానత్తయ్యా."

సుమార్ని ముసుగు కొసతో నోరు కప్పుకుంది. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. కాస్త తేరుకున్నాక లేచి చేతిసంచి పక్కావిడకిచ్చింది.

"పద. ఈసారి నేనూ వస్తా. మూశావంటే గిల్లుతా."

ఈసారి కాళ్ళు పక్కకు పెట్టి కూర్చున్నాడు. కళ్ళు మూయలేదు. మలుపు దగ్గర అరిచింది సుమార్నియే, బయట లోంతోంగ్ తింటున్నవాళ్ళు ఆపేసేంతగా.

"మా అమ్మాయికి చెప్పనులే" అంది దిగుతూ. "నేనరిచిన సంగతి నువ్వూ చెప్పకు."

సెలవుల్లో అందరూ కుందేళ్ళ పార్కుకే వెళ్ళారు, సుమార్నితో సహా. బిమో బాతును చూసి పరుగెత్తాడు. సెకర్ ఏనుగు నోటి ముందు ఆగిపోయింది.

"లోపల చీకటా నాన్నా?"

వికన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈ క్షణం కోసమే కదా పరువు పోగొట్టుకుంది.

"ఉంటుంది, కొంచెమే. ముందు ఎర్ర లైటు వస్తుంది. అది ఏనుగు గుండెకాయ. మలుపులో ఒక కోతి నవ్వుతుంది, ప్లాస్టిక్‌ది. ఆ తర్వాతే చీకటి. నువ్వు తమ్ముణ్ణి ఒకసారి తిట్టేలోపు వెలుగొచ్చేస్తుంది."

"నీకెలా తెలుసు?"

లారస్ కూడా ఇటు తిరిగింది. సుమార్ని మబ్బుల్ని పరిశీలించసాగింది.

"చూశానమ్మా."

"ఎప్పుడు?"

"మొన్న."

సెకర్ ముఖం ఎర్రబడింది. "మమ్మల్ని వదిలేసి నువ్వొక్కడివే పార్కుకొచ్చావా?"

"నీకోసమే తల్లీ..."

"బాతు ఎక్కావా?"

"రెండుసార్లు."

"నా బాతు!" అని బిమో నేలమీద పడి ఏడుపు లంకించుకున్నాడు.

సెకర్ విసురుగా బండెక్కి తండ్రి పక్కన కూర్చుంది, పక్కనుంటేనే సరిగా తిట్టొచ్చని కాబోలు. మిగతావాళ్ళు వెనక బండి ఎక్కారు. ఏనుగు నోరు వాళ్ళను మింగింది. "ఆఫీసుకని చెప్పావు! అబద్ధమాడితే టీచరమ్మ నిలబెడుతుంది తెలుసా?" గుండెకాయ ఎర్రగా కొట్టుకుంది. ఆ పిల్ల చూడలేదు. కోతి నవ్వింది. "నువ్వు నవ్వకు!" అని దాన్నీ కసిరింది. చీకటి కమ్ముకుంది. అందులో ఆ చిన్న గొంతు ఒక్కటే ఆగకుండా, ఊపిరి పీల్చుకోవడానికి తప్ప ఆగకుండా, సాగుతూ పోయింది. వికన్ తలొంచుకుని విన్నాడు. జీవితంలో అంత సంతోషంగా ఎవరి తిట్లూ తినలేదు.

వెలుగులోకి రాగానే, "చూశావా, చీకట్లో..." అనబోయాడు. వెనక బండిలోంచి అత్తగారి గొడుగు వీపులో పొడిచింది. నోరు మూసుకున్నాడు.

"అమ్మా, నీకు ముందే తెలుసా?" అంది లారస్ దిగుతూ.

"నాకేం తెలుస్తుంది? ఆయన మీ ఆయన" అంది సుమార్ని.

సెకర్ శిక్ష అక్కడికక్కడే ఖరారు చేసింది. నాన్న కోటా అయిపోయింది కాబట్టి ఇక బయటే ఉండాలి. మిగతావాళ్ళు మళ్ళీ ఎక్కుతారు. లారస్ సంచులన్నీ తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. పెడుతూ పెడుతూ చెవి దగ్గరకొచ్చింది.

"మోకాలి మీద ఆ దెబ్బ ఆఫీసులో ఫైళ్ళ బీరువా తగిలి అన్నారు కదూ?"

ఆవిడ నవ్వుతూ వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.